గొలుసు లాగినవాడికి నక్ష చదివే హక్కు లేదా?

2025 అక్టోబరు 19న హైదరాబాదులో ఒక సభ జరిగింది. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి 3,465 మంది యువతీ యువకులకు సర్వేయర్ లైసెన్సులు పంచారు. భూమి చేతులు మారేటప్పుడు కాగితంతో పాటు నక్ష కూడా జతపడాలని భూభారతి చట్టం చెబుతున్నది. ఆ నక్షలు గీయడానికి సర్కారు దగ్గర వున్న సర్వేయర్లు చాలరు. అందుకని ఈ కొత్త సైన్యం.

మంచిదే. మేము కాదనడం లేదు. భూమి కొలవండి, గెట్టు చూపండి అని గొంతు చించుకుని అడిగింది రైతు కూలీ ఉద్యమమే. ఇప్పుడు ఆ పని మొదలైతే ముందుగా సంతోషించాల్సింది మనమే. అయితే సంతోషంతో పాటు రెండు ప్రశ్నలు కూడా వేయక తప్పదు. ఈ కొలత విద్య ఎవరి బిడ్డలకు అందుతుంది? నేర్చుకున్నవాడు ఎవరికి జవాబు చెబుతాడు?

ఈ ప్రశ్నలు జహీరాబాదు కూలీలకు వూసుపోక పుట్టినవి కావు. నక్ష మీద గీసిన ఒక గీత పదిహేడు వూళ్ళ బతుకుల్ని ఎట్లా మారుస్తుందో ఈ ప్రాంతం కళ్ళారా చూసింది.

పట్టా వుంది, పొలం లేదు

జహీరాబాదు, న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో ఏ దళితవాడకు వెళ్ళి కూర్చున్నా ఒక మాట వినబడుతుంది. "పట్టా వున్నది సారూ, భూమి ఏడున్నదో తెల్వది." సర్కారు పంచిన లావుణి పట్టా ట్రంకు పెట్టెలో భద్రంగా వుంటుంది. అందులో సర్వే నంబరు వుంటుంది, ఎకరాలూ గుంటలూ వుంటాయి. ఆ ఎకరాలు ఏ తుమ్మచెట్టు దగ్గర మొదలై ఏ వాగు ఒడ్డున ముగుస్తాయో మాత్రం చూపినవాడు లేడు. అదే సర్వే నంబరులో పెద్ద రైతు దున్నుకుంటూ వుంటాడు. అడిగితే "నీది అవతల" అంటాడు. అవతలివాణ్ణి అడిగితే "ఇవతల" అంటాడు.

1977 నాటి అసైన్డు భూముల చట్టం ఆ భూమిని అమ్మరాదు, కొనరాదు అని శాసించింది. చట్టం గట్టిదే. కాని హద్దురాయి పాతని భూమిని ఏ చట్టం కాపాడుతుంది? కాగితం మీది భూమిని ఎవరూ దున్నలేరు.

2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. అందులో పేరు ఎక్కింది, విస్తీర్ణం ఎక్కింది. గెట్టు ఎక్కలేదు. అంటే ట్రంకు పెట్టెలోని కాగితం కంప్యూటరులోకి పోయిందే తప్ప పొలం దొరకలేదు. 2025 ఏప్రిల్ 14న భూభారతి అమలులోకి వచ్చింది. ఆ చట్టం నక్ష మాట ఎత్తింది. తెలంగాణలో అసలు నక్షలే లేని గ్రామాలు 413 వున్నాయని సర్కారే లెక్క చెప్పి, 2025లో అయిదు వూళ్ళలో నమూనా సర్వే చేయించింది. ఆ అయిదింటిలో ఒకటి మన సంగారెడ్డి జిల్లాలోనిదే.

మన పాత కొలత ఎట్లాంటిదో పెద్దలకు గుర్తుండే వుంటుంది. ముప్ఫైమూడు అడుగుల గొలుసు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు అయితే ఒక గుంట. నలభై గుంటలు ఒక ఎకరం. నిజాం కాలపు బందోబస్తులో ఒక్కో సర్వే నంబరుకు కొలతలు వేసి గీసిన చిత్తుపటమే తిప్పన్. ఏ నంబరు ఎంత, శిస్తు ఎంత అని రాసిన పుస్తకం సేత్వార్. అవి ఉర్దూలో వుండేవి. కూలివాడికి, చిన్న రైతుకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. పట్వారి ఏది చదివితే అదే రాత. ఇప్పుడు నక్ష కంప్యూటరు తెర మీద ఇంగ్లీషులో వస్తున్నది. అప్పుడు ఉర్దూ, ఇప్పుడు ఇంగ్లీషు. మనకు అర్థం కాకపోవడం మాత్రం మారలేదు.

గొలుసు ఎవరు లాగారు?

భూమిని కొలిచే విద్య ఈ ప్రాంతానికి కొత్తది కాదు. 1956 దాకా జహీరాబాదు బీదర్ జిల్లాలోనే వుండేది. ఆ బీదర్ దగ్గర 1815లోనే విలియం లాంబ్టన్ అనే దొర భూమి మీద ఒక ఆధార రేఖను కొలిపించాడు. 1802లో మద్రాసులో మొదలైన మహా త్రికోణ సర్వే దేశం నడుమగా ఉత్తరానికి సాగుతూ మన మీదుగా పోయింది. 1841లో అదే బీదర్ రేఖను మళ్ళీ కొలిచారు. ఆ కొలతల మీద నిలబడే హిమాలయాల దాకా లెక్కలు కట్టారు.

ఆ పని చేసిందెవరు? దొర దుర్భిణిలో చూశాడు, నిజమే. మణుగుల కొద్దీ బరువున్న ఆ యంత్రాన్ని గుట్టల మీదికి మోసిందెవరు? అడ్డం వచ్చిన చెట్లు నరికిందెవరు? రాత్రిళ్ళు గుట్ట మీద దీపం పట్టుకుని కూర్చున్నదెవరు? ఖలాసీలు, కూలీలు. 1819లో కృష్ణా గోదావరి నదుల మధ్య అడవుల్లో సర్వే చేస్తూ జార్జి ఎవరెస్టు బృందం మొత్తం జ్వరాన పడింది. హైదరాబాదు చేరకముందే దారిలో కొందరు ప్రాణాలు విడిచారు. వాళ్ళ పేర్లు ఏ నక్ష మీదా లేవు. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరం లెక్కను 1852లో కట్టినవాడు రాధానాథ్ సిక్దర్ అనే బెంగాలీ గణకుడు. 1865లో ఆ శిఖరానికి పెట్టిన పేరు మాత్రం ఎవరెస్టు దొరది.

ఈ కథ చెప్పడం పాత దొరల మీద కోపం తీర్చుకోవడానికి కాదు. దేశాన్ని కొలిచినప్పుడు మనవాళ్ళ చేతులు కావలసి వచ్చాయి, మనవాళ్ళ తలకాయలకు మాత్రం చోటు ఇవ్వలేదు అని గుర్తు చేయడానికి. స్వతంత్రం వచ్చాక కూడా ఈ తీరు పెద్దగా మారలేదు. తాలూకా సర్వేయరు వూళ్ళోకి వస్తే గొలుసు లాగేది చైన్‌మన్, రాయి మోసేది కూలి, ముళ్ళకంప నరికేది కూలి. నక్ష గీసేది సర్వేయరు, అది ఎటు వంగాలో చెప్పేది వూరి దొర. ఇరవై ఏళ్ళు గొలుసు లాగినవాడికి ఏ గెట్టు ఎక్కడ వంకర పోయిందో కంఠతా వస్తుంది. కాని అతడి మాట సాక్ష్యంగా కూడా చెల్లదు.

ఆకాశం నుంచి చూసే కన్ను

ఇప్పుడు గొలుసు పోయింది. రోవర్ అనే పరికరం వచ్చింది. గెట్టు మీద కర్ర నిలబెడితే ఉపగ్రహాల సంకేతాలు, నేల మీద సర్వే ఆఫ్ ఇండియా పెట్టిన కేంద్రాల సాయంతో ఆ చోటు ఎక్కడో సెంటీమీటర్ల తేడాతో చెబుతుంది. డ్రోన్ పైన ఎగిరి వూరంతా బొమ్మ తీస్తుంది. ఉపగ్రహం చెరువులో నీళ్ళు ఎన్నో, చెలకలో పంట ఏదో లెక్క కడుతుంది. ఈ మొత్తం విద్యకు పెద్ద పేర్లే పెట్టారు. మన భాషలో చెప్పాలంటే ఏది ఎక్కడుందో కొలిచి, పటం మీద పెట్టి, దాని మీద నిర్ణయాలు చేసే విద్య.

కేంద్ర ప్రభుత్వం 2021 ఫిబ్రవరిలో పటాల తయారీ మీద వున్న ఆంక్షలను చాలామటుకు ఎత్తేసి ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచింది. 2022 డిసెంబరులో జాతీయ విధానం ప్రకటించింది. 2030 నాటికి దేశంలోని పట్టణాలను, గ్రామాలను 5 నుంచి 10 సెంటీమీటర్ల వివరంతో పటం కడతామని అందులో రాసుకుంది. అయిదు సెంటీమీటర్లు అంటే మన అరచేయి కూడా లేదు. అంత సన్నంగా చూడగల కన్ను వస్తున్నది. దానికి నైపుణ్యం గల కొత్త తరం కావాలని పెద్దలు ఉపన్యసిస్తున్నారు.

ఈ విద్యకు హైదరాబాదు పుట్టినిల్లులాంటిది. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణాలయం 1967 నుంచి నడుస్తున్నది. ఉపగ్రహాల బొమ్మలు చదివే జాతీయ సంస్థ 1974లో ఏర్పడి బాలానగర్‌లో స్థిరపడింది. షాద్‌నగర్‌లో ఆ బొమ్మలు దిగే కేంద్రం వుంది. జహీరాబాదు నుంచి హైదరాబాదు వంద కిలోమీటర్లు. ఈ వంద కిలోమీటర్లు దాటి ఆ విద్య మన వాడలోకి రావడానికి మాత్రం యాభై ఏళ్ళు చాలలేదు.

విద్య రాలేదు గాని, దాని నిఘా మాత్రం ముందుగానే వచ్చింది. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో కూలీల హాజరు ఫోనులో వేయాలన్నారు. రోజుకు రెండుసార్లు ఫోటో. ఆ ఫోటో ఏ చోట తీశారో ఫోనే నమోదు చేస్తుంది. సిగ్నలు లేకపోతే, ఫోటో ఎక్కకపోతే, పొద్దంతా తట్ట మోసిన కూలికి హాజరు పడలేదు. కూలి పొయ్యింది. చూడండి, కూలివాడు ఎక్కడ నిలబడ్డాడో తెలుసుకోవడానికి ఉపగ్రహం పనికొచ్చింది. అదే కూలివాడి అసైన్డు భూమి ఎక్కడుందో చూపడానికి మాత్రం ఇన్నాళ్ళూ పనికి రాలేదు!

అందుకే మేము అంటున్నాము. యంత్రానికి పక్షపాతం లేదు, దాన్ని పట్టుకున్నవాడికి వుంటుంది. ఉపగ్రహానికి పంట కనబడుతుంది, పంట వేసిన కౌలుదారు కనబడడు. డ్రోనుకు గెట్టు కనబడుతుంది, నిరుడు ఆ గెట్టును రెండు గజాలు జరిపినవాడు కనబడడు. ఇది తెలిసినవాడు వూళ్ళో మనిషి. ఆ మనిషి చేతికి ఆ పరికరం రావాలి.

పదిహేడు వూళ్ళ పాఠం

జహీరాబాదు దగ్గర జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలి పెడతామని న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో పదిహేడు గ్రామాల పరిధిలో 12,635 ఎకరాలకు గీత గీశారు. నిమ్జ్ అని అందరూ పిలుస్తున్నది దాన్నే. ఆ గీత గీసినప్పుడు సర్వే నంబర్లు చూశారు, పట్టాదారుల పేర్లు చూశారు. ఆ పొలాల్లో అల్లం తవ్వినవాళ్ళు, చెరకు నరికినవాళ్ళు, కంది కోసినవాళ్ళు, ఆ బీళ్ళలో మేకలు కాసినవాళ్ళు పటంలో లేరు.

2015లో వచ్చిన జీవో 123 భూమి గలవాడి దగ్గర నేరుగా కొనే పద్ధతి పెట్టింది. భూమి లేనివాడి సంగతి అందులో లేదు. అప్పుడు నిమ్జ్ భూముల్లో కూలి చేసుకుని బతికేవాళ్ళు హైకోర్టుకెక్కారు. 2013 భూసేకరణ చట్టం ఏం చెబుతున్నది? మూడేళ్ళుగా ఆ భూమి మీద పని చేసి బతుకుతున్న వ్యవసాయ కూలీ, కౌలుదారు కుటుంబం కూడా బాధిత కుటుంబమే అని చెబుతున్నది. 2016 ఆగస్టు 3న హైకోర్టు న్యాయమూర్తి ఆ జీవోను కొట్టేశారు. సర్కారు అప్పీలుకు వెళ్ళింది, కాని అదే నెలలో కూలీల పునరావాసానికి ఉత్తర్వు తేవలసి వచ్చింది. భూమి లేనివాళ్ళు భూమి కేసులో సర్కారును నిలబెట్టిన ఘట్టం అది. ఈ విషయం మన పిల్లలకు చెప్పుకోవాలి.

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం పన్నెండు పారిశ్రామిక నగరాలకు ఆమోదం తెలిపింది. అందులో జహీరాబాదు ఒకటి. 3,245 ఎకరాలు, 2,361 కోట్ల రూపాయలు అన్నారు. రోడ్లు ఎక్కడ, పైపులు ఎక్కడ, స్థలాలు ఎక్కడ అని ప్రతి గజమూ కొలవాల్సిందే, పటం గీయాల్సిందే. ఆ పని ఎవరికి దొరుకుతుంది? భూమి పోయిన వూళ్ళ పిల్లలకు గేటు దగ్గర కాపలా, లోపల గడ్డి పీకుడు మాత్రమేనా? తమ తాతల గెట్లు ఎక్కడెక్కడ వుండేవో తెలిసిన పిల్లలే ఆ నేలను కొలిచే పనికి పనికిరారా?

చదువుకు కట్టిన కంచె

ఇప్పుడు లైసెన్సు సర్వేయరు కావడానికి 2025లో పెట్టిన షరతులు చూద్దాం. ఇంటరులో లెక్కలు ఒక సబ్జెక్టుగా, అరవై శాతం మార్కులు. లేదా ఐటిఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్, లేదా సివిల్ డిప్లొమా, ఇంజనీరింగు. యాభై పనిదినాల శిక్షణ. ఫీజు ఓసీలకు 10,000, బీసీలకు 5,000, ఎస్సీ ఎస్టీలకు 2,500 రూపాయలు.

పై నుంచి చూస్తే న్యాయంగానే వుంది, ఎస్సీ ఎస్టీలకు ఫీజు తగ్గించారు. కాని కూలి ఇంట్లో కూర్చుని లెక్క వేయండి. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఫీజు 2,500 అంటే ఎనిమిది రోజుల కూలికి పైమాటే. పనికి పోకుండా యాభై రోజులు కూర్చుంటే పోయేది 15,350. రెండూ కలిపితే 17,850 రూపాయలు. బస్సు చార్జీలు, తిండి ఖర్చు దీనికి అదనం. ఇది ఫీజు కాదు, కంచె.

దానికంటే ముందే ఇంకో కంచె వుంది. ఇంటరులో లెక్కలు తీసుకుని అరవై శాతం తెచ్చుకోవాలంటే ఆ పిల్ల రెండేళ్ళు పత్తి చేన్లకు, చెరకు కోతలకు పోకుండా చదివి వుండాలి. వలస పోయే తల్లిదండ్రుల వెంట బడి వదిలి వెళ్ళకుండా వుండాలి. చెరకు నరికే కాలం వస్తే ఏ తాండాలో ఎందరు పిల్లలు బడికి వస్తారో ఆ వూరి పంతులునడిగితే చెబుతాడు.

లైసెన్సు వచ్చాక మాటేమిటి? లైసెన్సు సర్వేయరు సర్కారు ఉద్యోగి కాడు. నెల జీతం లేదు. కొలత అడిగినవాడు కట్టే ఫీజే ఆ పిల్లవాడి బతుకు. ఎవరు కడతారు? పది ఎకరాలు అమ్మేవాడు, కొనేవాడు కడతాడు. ముప్ఫై గుంటల లావుణి పట్టా వున్న వితంతువు కట్టలేదు. ఆమె గెట్టు పెద్ద రైతు కలుపుకుంటే కొలిపించుకునేది ఎట్లా? పెద్ద రైతు పిలిపించిన సర్వేయరు పెద్ద రైతు చూపిన చోటే కర్ర నిలబెడితే అడిగేదెవరు?

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. లైసెన్సు తీసుకున్న యువకుల మీద మాకు కోపం లేదు. వాళ్ళూ పని కోసం తిరిగి తిరిగి వచ్చిన నిరుద్యోగ బిడ్డలే. వాళ్ళను రెక్కల మీద బతికే మరో రకం రోజుకూలీలుగా చేసి వదిలేస్తున్నారనే మా ఆక్షేపణ. నిజాయితీగా కొలిచినందుకు రేపు పని దొరకని పరిస్థితిలో ఏ మనిషినీ పెట్టకూడదు.

"వీళ్ళకేం చేతనవుతుంది" అనే మాట

కూలివాళ్ళ పిల్లలకు ఉపగ్రహాల విద్య ఏం వస్తుందని ముసిముసి నవ్వులు నవ్వే ఆఫీసర్లు, ప్రొఫెసర్లు వున్నారు. వాళ్ళు ఒకసారి జహీరాబాదుకు రావాలి.

ఇక్కడికి దగ్గరలోని పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత స్త్రీలు, వ్యవసాయ కూలీ స్త్రీలు, వీడియో కెమెరా పట్టి సినిమాలు తీశారు. బడి ముఖం చూడనివాళ్ళు అందులో వున్నారు. 2008 అక్టోబరు 15న మాచ్‌నూర్‌లో సంఘం రేడియో మొదలైంది. దాన్ని నడిపింది కూడా దళిత స్త్రీలే. జొన్న, కొర్ర, సామ విత్తనాలు ఏ చెలకకు ఏది సరిపోతుందో ఈ నేల మీద గీత గీసి చెప్పగల ఆడవాళ్ళు వాళ్ళు. స్వచ్ఛంద సంస్థల దారితో మాకు తేడాలుంటే వుండవచ్చు. కాని ఆ స్త్రీలు నిరూపించిన సత్యాన్ని కాదనలేము. కెమెరా పట్టిన చేయి రోవర్ కర్ర పట్టలేదా?

ఉమ్మడి రాష్ట్రంలో ఇందిరా క్రాంతి పథం నడిచిన రోజుల్లో పేదల భూముల సమస్యలు తీర్చడానికి వూళ్ళలోని పేద కుటుంబాల యువకులకే భూచట్టాల శిక్షణ, సర్వే శిక్షణ ఇచ్చారు. పారాలీగల్ అని, కమ్యూనిటీ సర్వేయరు అని వాళ్ళను పిలిచేవారు. తాలూకా సర్వేయరు ఎప్పుడొస్తాడా అని ఏళ్ళ తరబడి ఎదురుచూసిన చోట్ల వాళ్ళు వెళ్ళి కొలిచారు, ఫైళ్ళు కదిలించారు. ఆ పద్ధతిని శాశ్వతం చేయకుండా వదిలేయడం సర్కార్ల తప్పు, ఆ యువకులది కాదు.

మన రాష్ట్రం దాటి చూద్దాం. గుజరాత్‌లోని నర్మదా జిల్లాలో అటవీ హక్కుల చట్టం కింద ఆదివాసులు పెట్టుకున్న దరఖాస్తులను పెద్ద ఎత్తున తోసిపుచ్చారు. అప్పుడు వూరి యువకులే చేతిలో ఇమిడే జీపీఎస్ పట్టుకుని ప్రతి పోడు చెక్క చుట్టూ నడిచారు. ఆ కొలతలను ఉపగ్రహ చిత్రాల మీద పెట్టి చూపారు. ఫలానా ఏడాదికి ముందే ఇక్కడ సాగు వుంది చూడండి అని నిలదీశారు. 2013లో గుజరాత్ హైకోర్టు ఆ దరఖాస్తులను తిరిగి పరిశీలించాలని చెప్పింది. ఆ చట్టం నిబంధనల్లో 2012లో ఒక మంచి మాట చేర్చారు. ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదు అని. వూరి పెద్దల సాక్ష్యాన్ని బొమ్మ పేరు చెప్పి కొట్టేయడానికి వీల్లేదన్నమాట. మన మైదాన ప్రాంతపు సర్వేకు కూడా ఈ సూత్రం కావాలి.

"రేపు అన్నీ యంత్రాలే చేస్తాయి, సర్వేయర్లెందుకు" అనేవాళ్ళూ వున్నారు. యంత్రం గీత గీస్తుంది. ఆ గీత ఎవరిదో వూరి నడుమ నిలబడి, నాలుగు కుటుంబాల ఎదుట తేల్చాల్సింది మనిషే. ఎన్ని ఉపగ్రహాలు ఎగిరినా హద్దురాయి దగ్గరికి నడిచి పోవాల్సిందే.

మేము కోరుతున్నది

భూమిలేని కూలీల, సన్నకారు రైతుల బిడ్డలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, సర్వే శిక్షణలో ప్రతి మండలంలో సగం సీట్లు కేటాయించాలి. వాళ్ళకు ఫీజు వుండకూడదు. శిక్షణ కాలంలో రోజుకూలికి తగ్గకుండా భృతి ఇవ్వాలి.

పదవ తరగతి దాకా చదివి ఆగిపోయినవాళ్ళకు లెక్కల్లో ముందస్తు తరగతులు పెట్టి ఈ విద్యలోకి దారి తీయాలి. ఏళ్ళ తరబడి గొలుసు లాగిన చైన్‌మన్ల అనుభవాన్ని అర్హతగా లెక్కించాలి.

శిక్షణ జహీరాబాదులోనే జరగాలి. పాఠం తెలుగులో వుండాలి. ఉర్దూ, కన్నడం, మరాఠీ మాట్లాడే సరిహద్దు వూళ్ళ పిల్లలకు వాళ్ళ మాటలో విడమరచి చెప్పేవారుండాలి. ఉప్పల్, బాలానగర్ సంస్థల నిపుణులు ఏడాదికి కొన్నాళ్ళు ఇక్కడికి వచ్చి నేర్పాలి.

శిక్షణ పొందినవారిని సర్కారు జీతం మీద తీసుకోవాలి. వాళ్ళకు అప్పజెప్పే మొదటి పని అసైన్డు భూములన్నిటినీ ఉచితంగా కొలిచి, హద్దురాళ్ళు పాతి, పట్టాదారును పొలంలో నిలబెట్టడం కావాలి.

ఏ నక్ష అయినా గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాకే ఖరారు కావాలి. అందులో పట్టాదారు పేరే కాదు, సాగు చేసే కౌలుదారు, బండ్ల బాట, పశువుల బీడు, దళితుల శ్మశానం, చెరువు శిఖం అన్నీ ఎక్కాలి. బాట నక్షలో లేకపోతే రేపు కంచె పడుతుంది. శ్మశానం లేకపోతే శవంతో రోడ్డెక్కాల్సి వస్తుంది.

నిమ్జ్ కింద భూమి, పని పోగొట్టుకున్న కుటుంబాల బిడ్డలకే అక్కడి సర్వే, పటాల పనుల్లో మొదటి అవకాశం ఇవ్వాలి.

మన పని

సర్కారు ఇచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చుంటే మనం ఉద్యమకారులం కాము. ప్రతి వూళ్ళో సంఘం చేయగల పనులున్నాయి. అసైన్డు భూముల సర్వే నంబర్ల జాబితా రాయండి. తిప్పన్ నకలు, పహాణీ నకలు, గ్రామ నక్ష నకలు అడగండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఒక ఆదివారం పొద్దున ముసలివాళ్ళను, పిల్లలను కలిపి వూరి పొలిమేర చుట్టూ నడవండి. ముసలివాళ్ళకు గెట్లు తెలుసు, పిల్లలకు ఫోను తెలుసు. తాత చెబుతుంటే మనమరాలు ఫోనులో గుర్తు పెట్టనివ్వండి. చట్టం ముందు అది నక్షగా చెల్లకపోవచ్చు. కాని రేపు సర్వేయరు వచ్చి కర్ర నిలబెట్టిన రోజు, "అక్కడ కాదు సారూ, ఇక్కడ" అని చెప్పగల పిల్ల వూళ్ళో తయారవుతుంది.

రెండువందల ఏళ్ళ కిందట బీదర్ నేల మీద మనవాళ్ళు దొరల కోసం గొలుసు మోశారు. ఇప్పుడు ఆ మోత పనికి మళ్ళీ మనల్నే పిలుస్తున్నారు. ఈసారి ఉత్త మోతకు మాత్రమే పోవద్దు. పరికరం మన పిల్లల చేతిలో వుండాలి, నక్ష మన భాషలో వుండాలి, గెట్టు మన కళ్ళముందు పడాలి. దీన్ని సాధించుకునే బాధ్యత మన సంఘాలదే.